తాళంచెవి కొంగుకు ఉండేది, మరి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

ఒక మాట సూటిగా అడుగుతాను. మీ పొలం పట్టా పాస్‌బుక్ స్కాన్ కాపీ ఎక్కడుంది? అత్తమ్మ షుగర్ రిపోర్టులు, పిల్లల బోనఫైడ్లు, బంగారం లోన్ రసీదు? "మా ఆయన కంప్యూటర్‌లో ఉన్నయి" అంటారు. సరే, ఆయన ఊళ్లో లేని రోజు వాటిని మీరు తెరవగలరా?

మన అమ్మలు, అత్తల కాలంలో కాగితాలన్నీ బీరువాలోనో ఇనుప పెట్టెలోనో ఉండేవి. తాళంచెవి కొంగుకు ఉండేది. అక్షరం రాని అమ్మమ్మ కూడా ఏ సంచిలో ఏ కాగితం ఉందో చీకట్లో చెయ్యి పెట్టి తీసిచ్చేది. ఇప్పుడు డిగ్రీలు చదివిన మనం "ఆయన వచ్చినంక అడగాలె" అంటున్నాం. బీరువా కంప్యూటర్‌లోకి వెళ్లింది, తాళం చేతులు మారింది. ఇలా జరగాలని ఏ ఇంట్లోనూ ఎవరూ కూర్చుని అనుకోలేదు. వైఫై పెట్టించిన మనిషే పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు, అంతే.

మాక్లూర్ లాంటి ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. రైతు బీమానే చూడండి. 2018 ఆగస్టు 14న మొదలైన ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. నామినీగా చాలా ఇళ్లలో రాసేది భార్య పేరే. డబ్బు ఆమెది, కాగితం మాత్రం ఆమెకు తెలియని ఫోల్డర్‌లో. ఇక గల్ఫ్ సంగతి. నందిపేట్, ఆర్మూర్, బోధన్ ఏ వైపు పోయినా దుబాయ్‌కో సౌదీకో మనిషిని పంపని వాడ కనబడదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు. ఆ పాలసీ కాపీ, పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ ఇంట్లో ఆడమనిషి చేతికి అందకపోతే ఆ బీమా ఉన్నట్టా, లేనట్టా?

బీడీలు చుట్టే మన అక్కలకు పింఛను కావాలన్నా పీఎఫ్ నంబరు అడుగుతారు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ కార్మికుల ఇళ్లలో పాత సర్వీసు కాగితం ఒక్కొక్కటీ ఎంత విలువైందో ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి. కష్టం వచ్చినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎవరు? మనమే కదా.

అయినా మన ఇళ్లలో వినబడే మాటలు మూడే.

మొదటిది: "అడిగితే నేనే ఇస్త కదా." ఇస్తారు, కాదనను. కానీ అడిగితే ఇచ్చేది దానం. ఇంటి కాగితం చూసుకోవడానికి ఇంటి మనిషి అడుక్కోవడమేంది?

రెండోది: "ఏదన్నా డిలీట్ చేస్తవ్." దీనికి కంప్యూటర్‌లోనే మందు ఉంది. ఫోల్డర్ షేర్ చేసేటప్పుడు "రీడ్" అని పెడితే చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు, చెరపడం కుదరదు. కొత్త కాగితాలు మీరూ పెట్టాలంటే మీ పేరుకు "రీడ్ రైట్" ఇవ్వాలి. ఇంకా భయమైతే నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ. ఆయన చేతి నుంచి మాత్రం ఏదీ జారదా ఏమి!

మూడోది: "సెక్యూరిటీ." ఈ మాటలో నిజం ఉంది. 2017 మేలో వానాక్రై వైరస్ లోకమంతా పాకింది పాత రకం ఫైల్ షేరింగ్‌లో ఉన్న లొసుగు పట్టుకునే. అందుకే పాస్‌వర్డ్ లేకుండా బార్లా తెరిచిపెట్టమని నేను అనను. వాకిలికి తలుపు ఉండాలి, ఇంటివాళ్లందరి దగ్గరా తాళంచెవి ఉండాలి. వచ్చిన చుట్టాలకు ఇచ్చే వైఫై వేరు, గెస్ట్ పేరుతో పెట్టుకోవచ్చు. దొంగల భయం చూపించి ఇల్లాలినే గుమ్మం బయట నిలబెడితే అది సెక్యూరిటీ ఎట్లా అవుతుంది?

ఇంతకుముందు విండోస్‌లో హోమ్‌గ్రూప్ అని ఒక తేలిక దారి ఉండేది. 2009లో విండోస్ 7తో వచ్చింది, 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు. అప్పటి నుంచి "అది పెద్ద పని" అనే సాకు దొరికింది. పెద్ద పనేమీ కాదు. కంప్యూటర్‌లో మీ పేరుతో ఒక అకౌంటు, దానికి పాస్‌వర్డ్ పెట్టించండి. "ఇంటి కాగితాలు" అని తెలుగులోనే ఒక ఫోల్డర్ చేసి, లోపల భూమి, దవాఖాన, చదువులు, బ్యాంకు, పాస్‌పోర్టులు అని విడదీయండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో షేరింగ్‌కు వెళ్లి మీ పేరు చేర్చాలి. ఇంటి వైఫైని "ప్రైవేట్ నెట్‌వర్క్" అని పెట్టాలి. ఫోన్‌లో ఫైల్ మేనేజర్‌లో నెట్‌వర్క్ స్టోరేజ్ అని ఉంటుంది, లేకపోతే అది ఉన్న యాప్ ఒకటి వేసుకోవాలి. అందులో కంప్యూటర్ అడ్రస్, మీ పేరు, పాస్‌వర్డ్ ఒక్కసారి కొట్టి సేవ్ చేస్తే మళ్లీ అడగదు. ఆ అడ్రస్ మారిపోకుండా రౌటర్‌లో ఖాయం చేయించడం మరవకండి. రెండు రోజులకే "తెరుస్తలేదు" అనే గోల ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.

ఇంకొక్క సంగతి. ఆ ఫోల్డర్ ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఉంటే, ల్యాప్‌టాప్ నిజామాబాద్ ఆఫీసుకు పోయినప్పుడు ఫోల్డర్ కూడా పోతుంది. దుబాయ్ పోతే దుబాయ్ పోతుంది. ఇంట్లో కదలకుండా ఉండే పాత డెస్క్‌టాప్‌లో పెట్టించండి, కావలసినప్పుడు ఆన్ చేసుకోవచ్చు. లేదంటే యూఎస్‌బీ షేరింగ్ ఉన్న రౌటర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చినా సరిపోతుంది.

ఆయన ఆఫీసు ఫైళ్లు, పిల్ల రాసుకునే డైరీ, మీ సొంత ఫోటోలు ఈ ఫోల్డర్‌లోకి రావక్కర్లేదు. ఎవరి సొంతం వాళ్లది. ఇంటి కాగితాలు మాత్రం ఇంటివే. అత్తమ్మకూ ఎదిగిన కూతురికీ కూడా అవి తెరవడం నేర్పండి. రేపు ఆ తాళం మనం పట్టుకుని కూర్చుంటే మనకూ వాళ్లకూ తేడా ఏముంది?

ఈ ఆదివారం టీ కప్పు చేతికిచ్చి ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. పక్కన కుర్చీ వేసుకుని మీరూ కూర్చోండి. మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి.