సీసా ఒక మాట, నోరు ఒక మాట

పుట్టగొడుగుల మీద నాకే కోపమూ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఇది చదివి, రేపు సాయంత్రానికల్లా మా వీధిలో ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడటం మానేస్తారు. తొలకరి పడ్డాక పుట్ట పక్కన తెల్లగా గొడుగు విప్పుకుని నిలబడే ఆ అమాయకపు ప్రాణితో నాకేం తగువు? తగువంతా దాన్ని ఎండబెట్టి, పొడికొట్టి, గొట్టంలో కూరి, సీసా మూడువేల చిల్లరకి అమ్ముతూ, "వదినగారూ, ఇక మీ షుగరు బిళ్లలు అవతల పారెయ్యొచ్చు" అనేవాళ్లతో.

ఈ అమ్మేవాళ్లు పుట్టగొడుగుల్లా (వేరే పోలిక దొరకలేదు, క్షమించండి) ఎక్కడ పడితే అక్కడ పుట్టుకొచ్చారు. అపార్టుమెంటు మెట్ల మీద, గుడి మంటపంలో, పెళ్లి బంతిలో, పొద్దున్నే వాట్సాప్‌లో శుభోదయం పూలగుత్తి వెనకాల. పేర్లు మాత్రం ఎంత నాజూకో! గానోడెర్మా, రీషీ, కార్డిసెప్స్, లయన్స్ మేన్, చాగా. మన పెరట్లో మొలిస్తే కుక్కగొడుగని కాలితో తన్నేస్తాం. దాని దూరపు చుట్టం ఏ చైనా నుంచో జపాను నుంచో సీసాలో దిగితే కళ్లకద్దుకుంటాం.

మా పిన్ని సంగతి చెబుతాను. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. ఆవిడ వంటింటి గడప ఏనాడూ పుట్టగొడుగు దాటలేదు. అది నీచుతో సమానమని ఆవిడ లెక్క. ఒకసారి మా అబ్బాయి హోటల్లో పుట్టగొడుగుల కూర తిన్నానని నోరు జారితే, వాడు అక్కడున్న నాలుగు రోజులూ కంచం విడిగా పెట్టింది. అలాంటి మనిషి, తులసికోటలో నీళ్లు పోసొచ్చి, తూర్పు తిరిగి రెండు గొట్టాలు మింగుతోంది! "పిన్నీ, అది పుట్టగొడుగే" అన్నాను. "ఛ, నోర్ముయ్. అది మూలిక" అంది. మూలిక అన్నాక ఇంకేముంది, మైలంతా పోయినట్టే.

దాన్ని అమ్మినపిల్ల పరాయిది కాదు. ఎదురింటమ్మాయి. పిన్నిని "అత్తయ్యగారూ" అని పిలుస్తుంది, బ్యాంకుకి తోడెళుతుంది, ఒంట్లో బాగాలేకపోతే చారు కాచి పంపుతుంది. ఆ పిల్ల చెప్పింది కదా అని పిన్ని మూడు నెలలపాటు షుగరు బిళ్లలు మానేసింది. ఎవరితోనూ అనలేదు. కాలి బొటనవేలి దగ్గర చెప్పు ఒరుసుకున్న పుండు ఎంతకీ మానకపోతే అప్పుడు బయటపడింది. పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే షుగరు 280. ఇంకో పదిరోజులు ఆగుంటే వేలు తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరుగారు కోప్పడ్డారు.

అప్పుడు ఆ సీసా చేతిలోకి తీసుకుని కళ్లజోడు పెట్టుకుని చదివాను. చుట్టూ తిప్పి తిప్పి చదివాను. ఓ మూల, చీమతలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది: నాట్ ఫర్ మెడిసినల్ యూజ్. అంటే, మందుగా వాడుకునేందుకు కాదు!

చూశారా చిత్రం? సీసా అబద్ధమాడటం లేదు. మన ఆహారభద్రతా సంస్థ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకు మీద ఆ ముక్క వెయ్యక తప్పదు. షుగరు, కేన్సరు లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించటం 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడాను. అందుకని అచ్చులో ఆ మాట ఎక్కడా ఉండదు. నోటితో అంటారు. నిజం ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో, అబద్ధం తెలుగులో, వరసపెట్టి పిలిచి, ఆప్యాయంగా. మా పిన్నికి ఇంగ్లీషు రాదు. ఆప్యాయత వచ్చు.

"నవలలు రాసుకునేదానివి, నువ్వు చదివింది బి.ఏ., నీకెందుకమ్మా ఈ సైన్సు?" అని ఒకాయన అడిగాడు. నిజమే, నాకు సైన్సు రాదు. మాటలు వచ్చు. వీళ్ల కరపత్రాల్లో క్రియాపదాలు చూడండి. "రోగనిరోధకశక్తికి తోడ్పడుతుంది." "కాలేయానికి ఊతమిస్తుంది." "జ్ఞాపకశక్తికి సహకరిస్తుంది." తోడ్పడటం, ఊతమివ్వటం, సహకరించటం... వీటిలో ఒక్కటైనా తగ్గిస్తుంది అంటోందా? నా నవలలో కథానాయకుడు పెళ్లి చేసుకుంటాననకుండా "నీ జీవితానికి తోడ్పడతాను" అంటే, పాఠకురాళ్లు వాడి రంగు రెండో పేజీలోనే కనిపెట్టేస్తారు. గొట్టం మాత్ర అదే మాటంటే మాత్రం నమ్ముతారు.

పోనీ, అందులో ఏమీ లేదా అంటే, అలా అని నేననను. రీషీని చైనా వైద్యులు తరతరాలుగా గౌరవించారు. లోకంలో జరిగిన వైద్య పరిశోధనలన్నీ జల్లెడపట్టే కాక్రేన్ అనే సంస్థ ఒకటుంది. వాళ్లు 2015లో షుగరు రోగుల మీద ఈ గానోడెర్మా ఎలా పనిచేసిందో చూశారు. ఐదు పరిశోధనలు, 398 మంది మనుషులు. షుగరు తగ్గించటానికి దీన్ని వాడమనేందుకు ఆధారం దొరకలేదు. 2016లో కేన్సరు సంగతి చూశారు. అసలు చికిత్సతో పాటు ఇస్తే కొందరికి కాస్త మేలు కనిపించింది కానీ, ఆ పరిశోధనలు చిన్నవి, అంత గట్టివీ కావు. చికిత్సకి బదులు ఇది చాలు అనటానికి ఏ ఆధారమూ లేదన్నారు. 'పాటు'కీ 'బదులు'కీ మధ్య ఎంత దూరముందో మా పిన్ని బొటనవేలినడగండి.

లయన్స్ మేన్ జ్ఞాపకశక్తికట. 2009లో జపానులో ముప్ఫైమంది పెద్దవాళ్లకి, మతిమరుపు అప్పుడప్పుడే మొదలైన వాళ్లకి, పదహారు వారాలు పరీక్ష పెట్టారు. వేసుకున్నన్నాళ్లూ కొంత మెరుగనిపించింది, మానేసిన నాలుగు వారాలకి ఆ మెరుగు తగ్గింది. ముప్ఫైమంది! మా వీధి శ్రావణమాసం పేరంటానికి అంతకంటే ఎక్కువమంది వస్తారు.

కార్డిసెప్స్ కథ మాత్రం వినితీరాలి. హిమాలయాల్లో, పిథోరాగఢ్ ఎగువన పచ్చికబయళ్లలో, మట్టిలో ఉన్న గొంగళిపురుగుని ఒక బూజు పట్టి చంపేసి, మంచు కరిగాక దాని తలలోంచి పుల్లలా పైకి మొలుస్తుంది. అక్కడివాళ్లు కీడాజడీ అంటారు. దానికోసం ఊళ్లకి ఊళ్లు కొండెక్కి, బోర్లా పడుకుని గడ్డిలో వెతుకుతాయి. కిలో లక్షల్లో పలుకుతుంది. 1993లో చైనా ఆడపిల్లలు పరుగుపందేల్లో లోకాన్ని నివ్వెరపరిచారు. ఆ సెప్టెంబరులో వాంగ్ జున్‌షియా అనే అమ్మాయి పదివేల మీటర్ల రికార్డుని ఏకంగా దాదాపు 42 సెకన్లు కిందకి దించింది. రహస్యమేమిటని అడిగితే, వాళ్ల కోచ్ మా జున్‌రెన్ ఈ పురుగుబూజూ తాబేలు రక్తమూ అన్నాడు. ఇంకేముంది, లోకమంతా కార్డిసెప్స్ వెంట పడింది. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్ ముందు రక్తపరీక్షలు అనుమానంగా వచ్చి ఆయన శిష్యురాళ్లలో ఆరుగురు జట్టులోంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లలు 1995లో రాసిన ఉత్తరం ఒకటి 2016లో బయటకొచ్చింది. నిషేధించిన మందులు తమచేత బలవంతంగా వాడించారని అందులో ఉంది. బూజుకి ఆ కీర్తి అలా వచ్చింది. ఇప్పటికీ అమ్మేవాళ్లు చైనా పరుగుపిల్లల కథ సగం వరకే చెబుతారు. పైగా సీసాల్లో ఉండేది చాలామటుకు ఆ కొండబూజు కూడా కాదు, గాజుసీసాల్లో బియ్యం మీద పెంచిన దాని చుట్టం.

నిజంగా బూజులో మందుంటే ఏమవుతుందో తెలుసా? అది మందు అవుతుంది! జపానులో అకీరా ఎండో అనే రైతుబిడ్డ చిన్నప్పుడు తాతగారి వెంట పుట్టగొడుగులు చూస్తూ తిరిగాడు. పెద్దయ్యాక కొలెస్టరాలు తగ్గించేది వీటిలో ఏదైనా ఉందేమోనని ఆరువేల రకాల బూజులూ గీజులూ పరీక్షించి, 1973లో పట్టుకున్నాడు. క్యోటోలో ఒక బియ్యం కొట్టులోని బియ్యానికి పట్టిన నీలిబూజులో! ఆ దారినే వచ్చిన మొదటి మందు 1987లో బజారుకొచ్చింది. ఈనాడు గుండెజబ్బువాళ్లు రాత్రిపూట వేసుకునే స్టాటిన్ బిళ్ల వంశం అదే. మధ్యలో పద్నాలుగేళ్లు ఏం చేశారు? ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఏం ముప్పుందీ అని తేల్చారు. మన గొట్టం మాత్రవాళ్లకి ఈ తేల్చటాలేమీ లేవు. ఎంత వెయ్యాలని అడిగితే "పొద్దున రెండు, రాత్రి రెండు, ఇంకా కావాలంటే ఇంకో రెండు" అంటారు. పులిహోర వడ్డించినట్టు.

పైగా గొట్టంలో ఉన్నది అదేనా? 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలో కొన్న పందొమ్మిది గానోడెర్మా సరుకుల్ని పరీక్షిస్తే, సీసా మీద రాసినదానికి సరిపోయినవి ఐదే ఐదు. "పోనీలే, మంచి చెయ్యకపోయినా చెడు చెయ్యదుగా" అంటారు మా వదిన. చేస్తుంది వదినా. రీషీ పొడి తిని కాలేయం దెబ్బతిన్న రోగుల సంగతి హాంకాంగ్ డాక్టర్లు 2004లోనే రాశారు. జపానులో డెబ్భై రెండేళ్ల ఆవిడ చాగా పొడిని రోజుకి నాలుగైదు చెంచాలు, ఆరునెలలు తీసుకుని మూత్రపిండాలు పోగొట్టుకుంది. గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రేపో మాపో ఆపరేషన్ ఉన్నవాళ్లు డాక్టరుకి చెప్పకుండా రీషీ ముట్టుకోకూడదు. రక్తం గడ్డకట్టటంలో అది వేలుపెట్టే ప్రమాదముంది. ఇవేవీ గుడి మంటపంలో చెప్పరు.

"ఆస్పత్రులు దోచుకోవటం లేదా? వాళ్లని అనవేం?" అంటారు కొందరు. దోచుకుంటున్నాయి. ఆ తగువు ఇంకోవారం పెట్టుకుందాం, నాకూ చాలా ఉంది. కానీ ఆస్పత్రి దోచిందని కోపం తెచ్చుకుని, షుగరు బిళ్ల మానేసి, మూడువేల చిల్లర ఇంకొకడి చేతిలో పెడితే నష్టం ఎవరికి?

ఎదురింటమ్మాయి మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే జాలేసింది. ఆ పిల్ల తన గాజులు తాకట్టుపెట్టి సరుకు కొంది. మంచం కింద ఇరవైమూడు సీసాలున్నాయి. కింద నలుగురిని చేర్పిస్తే కమీషనట, ఆ నలుగురూ తలా నలుగురిని చేర్పిస్తే ఇంకా కమీషనట. మనుషుల్ని చేర్పించి డబ్బు చేసుకునే గొలుసుకట్టుని 2021 నిబంధనలు కాదన్నాయి. అయినా పైమెట్టు మీద కోటు తొడుక్కుని హోటల్ హాల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషికి ఈ నిబంధనలు తెలియకా? అతని సరుకు బూజు కాదు. అత్తయ్యగారూ, వదినగారూ, అక్కయ్యా అనే మన పిలుపులే అతని సరుకు. వాటిని మనచేత మనకే అమ్మిస్తున్నాడు.

పుట్టగొడుగు కావాలంటే బజార్లో దొరుకుతుంది. కూరల కొట్లో డబ్బాల్లో పెట్టి అమ్ముతారు, మన జిల్లాల్లో వరిగడ్డి మీద పెంచేవాళ్లూ ఉన్నారు. ముక్కలు కోసి మధ్యాహ్నపుటెండలో కాసేపు పెడితే దానిలో డి విటమిను తయారవుతుంది, ఎండకి మన చర్మంలో తయారైనట్టే. ఉల్లిపాయ, మిరియాలు వేసి వేయిస్తే పిల్లలు ఇంకాస్త పెట్టమంటారు. అడవిలో ఏరినవి మాత్రం తెలిసినవాళ్లు చూస్తే తప్ప వండకండి.

ఇక గొట్టాలు అమ్మవచ్చినవాళ్లకి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కాఫీ ఇస్తాను. చెప్పేదంతా వింటాను. తర్వాత తెల్లకాగితం, కలం ముందు పెట్టి, "ఇప్పుడు అన్నారే, షుగరు పూర్తిగా తగ్గిపోతుందనీ, బిళ్లలు మానెయ్యొచ్చనీ, ఆ రెండు ముక్కలూ రాసి కింద సంతకం పెట్టండి" అంటాను. ఇప్పటికి నలుగురు వచ్చారు. ముగ్గురు కాఫీ పూర్తిచెయ్యకుండానే లేచారు. నాలుగో ఆవిడ కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "మన మధ్య కాగితాలెందుకండీ అక్కయ్యగారూ?" అంది.