"నీరు పట్టిందిలే" అని ఊరుకోకండి

కానుపుకు వచ్చే కుటుంబాల నోట మేము తరచుగా వినే మాట ఒకటుంది: "కాళ్ళకు నీరు పట్టిందండీ, నెలలు నిండితే మామూలే కదా అనుకున్నాం." అందులో సగం నిజమే. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, పడుకుని లేచేసరికి తగ్గిపోయే వాపు చాలామందికి వస్తుంది. కానీ ముఖం, చేతులు ఉబ్బి గాజులు బిగిసిపోయినా, మాత్ర వేసినా తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా అది బి.పి. పెరిగిన గుర్తు కావచ్చు. 140/90 దాటిందంటే జాగ్రత్తపడాలి. ఉప్పు మానిపించినంత మాత్రాన ఇది తగ్గదు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అనేది దీన్నే. గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపల తల్లీబిడ్డల ప్రాణం మీదికి వస్తుంది. కానుపైన తర్వాత కూడా కొన్ని రోజుల వరకు ఈ ఫిట్స్ రావచ్చు.

దీనికి మెగ్నీషియం సల్ఫేట్ అనే చవకైన ఇంజక్షన్ ఉంది. బి.పి. ఇలా ముదిరిన తల్లులకు ఇస్తే ఫిట్స్ ప్రమాదం సగానికి తగ్గుతుందని 33 దేశాల్లో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగి, 2002లో వెలువడిన పరిశోధనలో తేలింది. అయితే వేళకు ఆస్పత్రికి చేరితేనే కదా!

రక్తం కనబడితే, నొప్పి లేకపోయినా వెంటనే బయలుదేరండి. మాయ కిందికి ఉన్నప్పుడు నొప్పి లేకుండానే రక్తం పోతుంది. అప్పుడు మంత్రసానిని లోపల చెయ్యి పెట్టి చూడనివ్వకండి. కడుపు రాయిలా గట్టిపడి నొప్పి విడవకపోతే, రక్తం కొంచెమే కనబడినా ప్రమాదమే. ఉమ్మనీరు పోతే నొప్పుల కోసం ఎదురుచూడవద్దు. బిడ్డ కదలిక తగ్గితే "స్థలం చాలక" అని సరిపెట్టుకోకుండా అదే రోజు చూపించండి.

ఇక మా అభిప్రాయం. ఇన్ని గుర్తులు తెలిసిన ఇళ్ళలో కూడా ఆలస్యం జరుగుతోంది. భర్త పని నుండి రావాలి, అత్తగారు ఒప్పుకోవాలి, అమావాస్య వెళ్ళాలి, తెల్లవారాలి. బయలుదేరడానికి గర్భిణి మాట ఒక్కటే చాలని ఏడో నెలలోనే ఇంట్లో అందరూ అనుకోవాలి. అత్తలారా, ఈ మాట ముందు మీ నోటనే రావాలి. పరీక్షల కార్డు, కొంత డబ్బు, అవసరమైతే రక్తమివ్వగల ఇద్దరి ఫోను నంబర్లు ఒకచోట ఉంచండి. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా 108కి ఫోను చేస్తే అంబులెన్సు ఉచితంగా వస్తుంది.

వచ్చాక ఏమీ లేదని తేలితే ఇంటికి పంపిస్తాం. రాత్రి రెండు గంటలకు వచ్చినా మేము విసుక్కోము.