మోటారు సైకిలు గల యింట పనిముట్ల పెట్టె

ఇరుసునకు కందెన పూయక బండి కట్టిన కాపును మన పెద్దలు సోమరి యనిరి. బండి క్రింద కందెన గొట్టము వ్రేలాడుచుండెడిది. చక్రము కిఱ్ఱుమన్న యెడల దారిన పోవువాడు సైతము బండి నాపించి, ఏమయ్యా, ఎద్దులమీద జాలి లేదా యని యడిగెడివాడు. ఆ యింటి మనుమడే నేడు మోటారు సైకిలుపై పోవుచున్నాడు. చైను కిఱ్ఱుమనుచునే యున్నది, అడుగువాడు లేడు.

మన బద్వేలు ప్రాంతపు పల్లెలలో ఎద్దుబండి చేయుచుండిన పనిలో పెక్కుపాలు మోటారు సైకిలుపై పడినది. 45 కిలోల యూరియా మూట, పాలక్యాను, గడ్డిమోపు, బడికి పోవు పిల్లలు, ఆసుపత్రికి పోవు ముసలితల్లి, అన్నియు దానిమీదనే. 1955లో మదరాసునందు ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బిగించుట మొదలైన నాడు అట్టి బండి మన పల్లెలలో బహు అరుదు. 1980లో టి.వి.యస్. 50యు, 1985లో హీరో హోండా సి.డి. 100ను వచ్చిన పిమ్మట అది క్రమముగా రైతు వాకిటికి చేరినది. పెట్రోలు పోసి మరచిపొమ్మని ఆ కాలపు ప్రకటనలు చెప్పినవి. పెట్రోలును గూర్చి చెప్పిన ఆ మాటను మనవారు నూనెకును, చైనునకును, బ్రేకునకును కూడ వర్తింపజేసికొనిరి.

దాని ఫలమును మేము కన్నులార చూచితిమి. మూడేండ్ల క్రిందట తొలకరి నాటి సాయంకాలమున, బద్వేలునుండి సిద్ధవటము పోవు దారిలో, లంకమల అడవి నడుమ, మేమెరిగిన రైతొకడు వేరుసెనగ విత్తనపు మూటతో పోవుచుండగా చైను తెగి వెనుక చక్రమునకు చుట్టుకొన్నది. బండి ఒక్కపెట్టున పట్టుకొని అతనిని దూరముగా విసరివైచెను. కాలి యెముక విరిగినది. ఆ యేడు అదను తప్పి మూడెకరముల చేను బీడు పడినది. తెగిన చైనును మేము చేతబట్టి చూచితిమి. ఎఱ్ఱమన్ను కరడుగట్టి యుండెను; నూనె తడి తగిలి ఎన్ని నెలలైనదో చెప్పవీలు లేకుండెను. అది సాగినదని తెలిసికొనుటకు పావుగంట చాలును, బిగించుటకు రెండు పానాలు చాలును. ఆ రెండు పానాలలో ఒకటియు ఆ యింట లేదు.

ఈ సంగతి తలచినప్పుడెల్ల మాకు పోరుమామిళ్ల శాసనము జ్ఞప్తికి వచ్చును. మనకు ఉత్తరమున నున్న ఆ చెరువును బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు కట్టించెను; 1369లో వ్రాయించిన శిలాశాసనము నేటికిని కలదు. వేయిమంది కూలీలును, రాయి తోలుటకు నూరు బండ్లును పనిచేయగా రెండేండ్లు పట్టినదని అందున్నది. అంతకంటె మాకు ముఖ్యమైనది మరియొకటి. చెరువు కట్టుటకు కావలసిన సాధనములు పండ్రెండనియు, చెరువునకు రాగల దోషములు ఆరనియు అందు లెక్కించి చెప్పిరి. నేర్పరులైన పనివారు, దగ్గరనే రాతిగని, గట్టినేల మొదలగునవి సాధనములు. కట్టనుండి నీరు కారుట, చవుడు నేల మొదలగునవి దోషములు. అనగా మన సీమవారు ఏమేమి సమకూర్చుకొనవలెనో ముందు లెక్కించి, పిమ్మట పార పట్టిరి. వాహనము కొనుటకు వేలకొలది రూపాయలు అప్పు తెచ్చు మనము పానాకు లెక్క చూచుకొనమైతిమి.

అయితే సమకూర్చుకొనుటలోను పొరపాటు కలదు. దానికి మేమే సాక్షులము. మొదట బండి కొన్ననాడు సంతలో మెరయుచున్న పెట్టెయొకటి చూచి, అరువది పనిముట్లు ఇంత చవుకయా యని మురిసి కొంటిమి. ఇంజను క్రింది నూనె బోల్టును విప్పబోగా ఆ పానా నోరు మైనమువలె విచ్చుకొని, బోల్టు మూలలు అరిగి గుండ్రనైనవి. బండిని ఆరు మైళ్లు త్రోసికొని పోయితిమి. ఆ పెట్టె నేడు మా పిల్లలకు ఆటవస్తువు. అరువది మెత్తని పనిముట్లకంటె క్రోమ్ వెనేడియము ఉక్కుతో చేసిన ఆరు మేలు.

మరియొక పొరపాటు పాత ఆయిలింజనుల పానాలు వాడుట. పెక్కుమంది యిండ్లలో బావికడనున్న ఇంజను పోయినను దాని పానాలు మిగిలినవి. వానిలో పెక్కింటికి అంగుళపు కొలత. నేటి బండ్ల బోల్టులకు మిల్లీమీటరు కొలత. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. దానిని 12 మిల్లీమీటర్ల తలకు తగిలించి బలము చూపినచో జారుట నిశ్చయము. బోల్టును పాడగును, చేతి వ్రేళ్లును చిట్లును. తాతగారి పానాలను గౌరవముతో గోడకు వ్రేలాడదీయుడు, బండికి తగిలింపకుడు.

కొనదగినవి 8, 10, 12, 14, 17 మిల్లీమీటర్ల రింగు పానాలు, వెనుక ఇరుసు నట్టునకు సరిపోవునది వేరుగా, తమ బండికి తగిన ప్లగ్గు పానా, నక్షత్రపు తల మరలకు నప్పిన స్క్రూడ్రైవరు, కటింగు ప్లేయరు, టైరు గాలి కొలుచు గేజి. జపాను మాదిరి బండ్లలోని నక్షత్రపు మరలకు అన్ని స్క్రూడ్రైవర్లును సరిగా కూర్చుండవు. కొనుటకు ముందే తగిలించి చూచుట మేలు. గేజిని పెక్కుమంది విలాసవస్తువనుకొందురు. రెండు మూటలు వేసినప్పుడు వెనుక టైరునకు ఎక్కువ గాలి కావలెను. వ్రేలితో నొక్కి చూచి చెప్పగలమనువారు తమ వ్రేళ్లను అతిగా నమ్ముచున్నారు.

సామగ్రిలో నూనె మొదటిది. దీనినిగూర్చి మేము కొంచెము కఠినముగా చెప్పవలసియున్నది. ట్రాక్టరునకు పోయగా మిగిలిన నూనెను మోటారు సైకిలునకు పోయుట మన పల్లెలలో పొదుపని పేరు పొందినది. అది పొదుపు కాదు. చాల మోటారు సైకిళ్లలో క్లచ్చి పలకలు ఇంజను నూనెలోనే మునిగి తిరుగును. ఇతర వాహనములకై చేసిన కొన్ని నూనెలలో రాపిడి తగ్గించు మందు కలియుటచేత పలకలు జారి, ఇంజను అరచునేగాని బండి కదలదు. డబ్బాపై జాసో ఎం.ఏ. అను గుర్తును చూచి, బండితో ఇచ్చిన పుస్తకములో చెప్పిన చిక్కదనము గలదానినే కొనవలెను. చైనునకు 90 నంబరు గేరు నూనె చాలును. ఇంజనునుండి తీసిన పాతనూనె అందుకు తగదు. అందలి మసియు లోహపు పొడియు చైనును ఆకురాయివలె తినును. ఆ పాతనూనెను కాలువలో గాని బావి గట్టున గాని పోయక, మూతగల డబ్బాలో ఉంచి పాతనూనె కొనువారికి ఈయవలెను. మనము త్రాగు నీరు ఆ నేలనుండియే వచ్చుచున్నది.

మన ధూళికి గాలి జల్లెడ త్వరలో మూసికొనిపోవును. స్పంజి జల్లెడయైనచో కడిగి ఆరవేసి మరల వాడవచ్చును. నూనె పట్టించిన కాగితపు జల్లెడను కడుగరాదు, గాలితో ఊదరాదు, మార్చుటయే. సర్కారు తుమ్మ ముల్లు ఎల్లరును ఎరిగినదే గనుక పంక్చరు సామాను విషయమున మేము ప్రత్యేకముగా చెప్పవలసినది లేదు.

ఇంటిలో చేయరాని పనియు కలదు. 2020 ఏప్రిలునుండి అమ్మకమునకు వచ్చిన కొత్త బండ్లలో పెక్కింటికి పెట్రోలును కంప్యూటరు కొలిచి ఇంజనులోనికి చిమ్మును. దాని తీగెలను లాగి చూడబోవుట వివేకము కాదు. ఇంజను విప్పుటయు మేస్త్రీ పనియే. మేము మేస్త్రీల జీవనము చెడగొట్టుచున్నామని ఒక మిత్రుడు నిష్ఠూరమాడెను. మేమెరిగిన మంచి మేస్త్రీలెవ్వరును చైను బిగించి ధనవంతులు కాలేదు. చైను తెగి, గేరు పండ్లు విరిగి వచ్చిన బండిని చూచి వారును విచారింతురు.

ఇక సంఘము చేయవలసినది. టార్కు రెంచి, చైను లంకె విడదీయు సాధనము, బ్యాటరీ కొలుచు మీటరు, గ్రీజు గన్ను, మంచి కాలి పంపు, ఇవి ఏడాదికి రెండు మూడు మారులు కావలసినవి. ప్రతి రైతును కొనుట దండుగ. ఎవ్వరును కొనకుండుట అపాయము. ఒంటరిగా కొనలేనిదానిని కలసి కొనుటకే గదా 1904 నాటి చట్టము మొదలుకొని మన దేశమున సహకార సంఘములు ఏర్పడినది. ఎరువుల గదిలో ఒక గోడ చాలును. మేము చదివిన మిషను బడి వడ్రంగపు గదిలో ప్రతి పనిముట్టు ఆకారమును గోడపై నల్లరంగుతో గీసియుంచిరి. సాయంకాలము ఉలి తిరిగి రాకున్నచో గోడమీది ఖాళీ నీడయే గురువుగారికి చెప్పెడిది. ఆ దినము మాకెవ్వరికిని ఆట లేదు.

పదిమంది సొత్తు పదిదినములలో మాయమగునని కొందరు డైరెక్టర్లు అనుచున్నారు. ఈ భయము వట్టిది కాదు. కావున గోడపై నీడలు గీయింపుడు. పుస్తకములో సంతకమును, కొంత ధరావతును తీసికొని, మరునాటి సాయంకాలము లోపల తిరిగి ఈయవలెనని కట్టడి చేయుడు. కొరత పడినచో ధరావతునుండి కొనుడు. ఒకమారు చిన్న పనికై బద్వేలు పోయి వచ్చు పెట్రోలును, ఆ దినపు కూలియు లెక్కించినచో మంచి పానాలు రెండు వచ్చునని సభ్యులు తామే చూడగలరు. రాబోవు మహాజనసభలో దీనిని చర్చకు పెట్టవలెనని కార్యదర్శిగారికి వ్రాసియున్నాము.

ధరావతు నియమమును మేమింత పట్టుదలతో కోరుటకు సొంత కారణమొకటి కలదు. మా 14 మిల్లీమీటర్ల రింగు పానా గడచిన సంక్రాంతినుండి పొరుగింటనే యున్నది. వారు దానిని మరచిరి. అడుగుటకు మాకు మొగమాటముగా నున్నది.