మాటల విచారము: ఎత్తు

ఆంగ్లమున ఎలివేషనను మాటకు అర్థములు పెక్కు. సముద్రమట్టమునుండి నేల యెంత పైకున్నదో చెప్పుటకును, ఇంటి ముఖభాగపు పటమునకును, పదవి పెరుగుటకును అదే మాట. ఇప్పుడు చలనచిత్రములలో నాయకుని గొప్పచేసి చూపుటకును దానినే వాడుచున్నారు. మన 'ఎత్తు' ఇంతకంటెను విరివియైనది.

ముందు నేల సంగతి. మా కృష్ణాతీరపు పల్లపుసీమలో ఎత్తనగా ప్రాణమే. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడగా వేలకొలది జనులు మడిసిరి. మేడలో చెట్లో ఎక్కగలిగినవారు కొందరు బ్రతికిరి. తీరమున తుపాను రక్షణ భవనములను స్తంభములపై కట్టుట ఇందుకే.

నీటికిని ఎత్తు కావలెను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తికాగా కృష్ణ నీటిమట్టము పైకి లేచి కాలువలకు పారెను. 1952లో అది తెగగా, దానికి మారుగా 1957లో ప్రకాశం బ్యారేజి వెలసెను. అక్కడ నీరు ఎత్తున నిలుచుట దిగువ పొలముల కొరకే.

ఎత్తనగా తూకమును గలదు. కాసెత్తు బంగారమన్నప్పుడు అర్థమిదియే. మా కూచిపూడి భామాకలాపమున మీరెరిగిన సత్యభామయే, తులాభారకథలో నగలన్నియు పోసియు కృష్ణుని యెత్తునకు సరితూచలేకపోయెను. రుక్మిణి యుంచిన తులసిదళము సరితూగెను.

క్రియయైనప్పుడు ఈ మాట తరచుగా సకర్మకము. అప్పుడు దేనినో ఎవరినో ఎత్తిననే గాని వాక్యము నిండదు. బిడ్డను ఎత్తుకొందుము, గొంతెత్తి పాడుదుము. పేద బిచ్చమెత్తును, దేవుడు అవతారమెత్తును. చదరంగమాడువారు ఎత్తుకు పైయెత్తు వేయుదురు.

ఇండ్లలో మనకు తరచుగా తగులునది మాత్రము ఎత్తిపొడుపు. కోడలి పుట్టింటి సారెను గూర్చియో, కూరలో ఉప్పును గూర్చియో అత్తగారు నవ్వుచునే ఒక మాట యనును. ఆ రాత్రి కోడలికి అన్నము సయింపదు. నాలుగేండ్లు గడచునప్పటికి ఆమెయు ఆ విద్య నేర్చి, అత్తగారి ముసలితనమును ఎత్తిపొడుచును. ఒకరి తప్పును నలుగురిలో ఎత్తిచూపుటకు పట్టునంత కాలమే, ఒకరి మంచిపనిని ఎత్తి చెప్పుటకును పట్టును. ఖర్చు లేదు, శ్రమ లేదు. ఈ నెలలో దినమునకొక్కసారి యైనను మీ యింటిలో అట్లు చేసి చూడుడు.

వచ్చు మాసము 'పల్లము'ను విచారింతము. మీ మీ యూళ్లలో ఈ రెండు మాటలకును గల వాడుకలను వ్రాసి పంపిన మిగుల సంతోషింతును.