ప్రింటుకి పెళ్ళిచూపులు

పెళ్ళిచూపులకి ముందు అమ్మాయి ఫోటో పంపే రోజుల్లో స్టూడియో వాడు ఏం చేసేవాడో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నెగెటివ్ మీద పెన్సిలు పెట్టి మొటిమలు మాయం చేసేవాడు. చామనఛాయని పచ్చని ఛాయ చేసేవాడు. పెళ్ళివారొచ్చి కూచున్నాక గానీ అసలు సంగతి తెలిసేది కాదు! సరిగ్గా ఆ పనే ఇప్పుడు సినిమా ప్రింట్ల అమ్మకంలో జరుగుతోంది. తేడా ఒక్కటే. ఆ స్టూడియో వాడు తెలిసే చేసేవాడు. ఇప్పటి కెమెరా మనల్ని అడక్కుండానే చేసి పెడుతుంది.

ప్రింట్ల అమ్మకమేమిటి అంటారా? ఉందండీ! అమెరికాలో, ఇంగ్లండులో 16 ఎం.ఎం., 35 ఎం.ఎం. ప్రింట్లు పోగుచేసే పిచ్చివాళ్ళు (మర్యాదగా చెప్పాలంటే కలెక్టర్లు) ఏనాటినుంచో ఉన్నారు. ఒకప్పుడు వాళ్ళ బేరాలన్నీ గుట్టుగా సాగేవి. ఎందుకంటే కంపెనీలు ప్రింటుని హాలుకి అద్దెకిచ్చేవే తప్ప అమ్మేవి కావు. ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’లో కోతి వేషం కట్టిన రాడీ మెక్‌డోవల్ ఇంటి మీదకే 1974లో ఎఫ్.బి.ఐ. వాళ్ళు వచ్చిపడి, ఆయన దాచుకున్న ప్రింట్లు పట్టుకుపోయారు. కేసు మాత్రం పెట్టలేదు లెండి. ఆ రోజుల్లో కలెక్టర్ల పత్రికల్లో నాలుగు లైన్ల ప్రకటన చూసి, రంగు బాగుందంటే నమ్మి డబ్బు పంపేవారు. ఇప్పుడు ఈబేలో బాహాటంగా, ఫోటోలతో సహా అమ్మకానికి పెడుతున్నారు. మన దగ్గర ఆట అయిపోయిన ప్రింట్లు చాలావరకు వెండి తీసేవాళ్ళ పాలయ్యాయి. అందుకే ఈ ముచ్చటంతా ఎక్కువగా అక్కడిదే.

ఫోటోలొచ్చాక మోసం తగ్గాలి కదా? తగ్గలేదు. ఎందుకో చెబుతాను.

కలర్ ప్రింటులో మూడు రంగుల పొరలుంటాయి: నీలాకుపచ్చ కలిసినట్టుండే సయాన్, గులాబీ రంగు మెజెంటా, పసుపు. 1950ల నుంచి 1980 దాకా వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో ముందు చచ్చేది సయాన్. దాని వెనకే పసుపు. చివరికి మిగిలేది గులాబీ ఒక్కటే! ఆకాశం గులాబీ, గడ్డి గోధుమరంగు, హీరోగారి నల్లకోటు వంకాయ రంగు. ఇది చూసి కడుపు మండే 1980లో మార్టిన్ స్కోర్సేజీ తోటి దర్శకులని కూడగట్టి కొడాక్ మీద గొడవకి దిగాడు. ఆ ఏడాదే వచ్చిన ఆయన ‘రేజింగ్ బుల్’ బ్లాక్ అండ్ వైట్‌లో ఉండటానికి ఈ దిగులూ ఒక కారణం. ఆ తర్వాత కొద్ది కాలానికే కొడాక్ రంగు నిలిచే ఎల్.పి.పి. ఫిలిం తెచ్చింది. టెక్నీకలర్ వాళ్ళు రంగుని అద్దకం వేసినట్టు అచ్చువేసిన పాత ప్రింట్లయితే ఇప్పటికీ నిగనిగలాడుతూనే ఉన్నాయి. కనుక ధరంతా రంగు మీదే. గులాబీ ప్రింటుకీ, రంగున్న ప్రింటుకీ బేరంలో నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఇక్కడే కెమెరా వచ్చి వేలు పెడుతుంది. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. కెమెరాది దానికి ఉల్టా జబ్బు. ఎదురుగా అంతా ఎర్రగా ఉన్నా అది మామూలు రంగేనని సర్దేస్తుంది. దాన్నే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు. ఇంట్లో బల్బు కింద తీసిన ఫోటో పచ్చగా రాకుండా చూసేది అదే. అక్కడ మంచి పనే. కానీ గులాబీగా మారిన ప్రింటు తెర మీద పడుతుంటే, ఫోను ఆ గులాబీని వెలుగు దోషమనుకుని తీసిపారేస్తుంది. ఫోటోలో ముఖాలు ఫరవాలేదన్నట్టు, గోడలు కాస్త తెల్లగా వచ్చేస్తాయి. కొనేవాడు ‘ఆహా’ అనుకుంటాడు.

అమ్మేవాడు దొంగ అనడానికీ లేదు. చీకటి గదిలో పది నిమిషాలు కూచుంటే మన కళ్ళూ అదే పని చేస్తాయి. గులాబీకి అలవాటుపడి, అంత ఎర్రగా ఏం లేదే అనిపిస్తుంది. కన్నూ కెమెరా కలిసి ఒకే అబద్ధమాడితే పాపం అమ్మేవాడేం చేస్తాడు?

మందు చాలా తేలిక. ఫిలిం ఎక్కించకుండా ప్రొజెక్టర్ వేసి, దీపం కుదుటపడేదాకా కాసేపు ఆగండి. తెర తెల్లనిదై ఉండాలి, గదిలో ఇంకే వెలుగూ ఉండకూడదు. ఆ ఉత్త తెల్లని వెలుగు చూపించి కెమెరాకి చెప్పండి: ‘ఇదీ తెలుపంటే!’ చాలా కెమెరాల్లో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ అనే సదుపాయం ఉంటుంది. ఫోనైతే ప్రో మోడ్‌లో అంకె పెట్టి బిగించెయ్యాలి. హాలోజన్ దీపం పసుపు ముఖం, గ్జెనాన్ దీపం పగటి వెలుగులా ఉంటుంది. రెంటికీ ఒకే అంకె పనికిరాదు. తెలుపు తెల్లగానే వచ్చేలా, వెలిగిపోయి మాడకుండా ఎక్స్‌పోజర్ కూడా అక్కడే ఖాయం చేసెయ్యండి. ఇక మళ్ళీ ముట్టుకోవద్దు! చీకటి సీను ఫోటోలో చీకటిగానే రానివ్వండి.

నన్నడిగితే, అమ్మకానికి పెట్టే ఫోటోల్లో మొట్టమొదటిది ఆ బొమ్మ లేని తెల్ల తెరే ఉండాలి. దాని పక్కన, అదే సెట్టింగులో తీసిన బొమ్మ. ఆ రెండూ చూస్తే కొనేవాడికి ఇంకెవరి మాటా అక్కర్లేదు.

ఇక షట్టరు సంగతి. ప్రొజెక్టర్ సెకనుకి 24 బొమ్మలు వేస్తుంది. మామూలు రెండు రెక్కల షట్టరయితే ఒక్కో బొమ్మనీ రెండుసార్లు మెరిపిస్తుంది. మీరు 1/250 సెకనులో నొక్కితే ఒకసారి నల్ల తెర, ఒకసారి సగం తెర వస్తుంది. కనీసం 1/25, కుదిరితే 1/12, 1/6 పెట్టి, కదలిక లేని సీను కోసం కాచుకోవాలి. కెమెరాకి స్టాండు తప్పదు. ఫ్లాష్ వేస్తే తెర మీద బొమ్మ కాస్తా కొట్టుకుపోతుంది. సీను నిలబెట్టి తీద్దామని ప్రొజెక్టర్ ఆపారో... ఆ వేడికి గేటులో ఫిలిం బుడగలెత్తి కాలిపోతుంది. దానికని ప్రత్యేకమైన ఏర్పాటున్న మిషన్లలో తప్ప ఆ సాహసం చెయ్యకండి.

ఏ సీను తీయాలన్న దగ్గరా కిటుకుంది. అందరూ హీరోయిన్ క్లోజప్ తీస్తారు. మనిషి ముఖంలో ఎరుపు సహజం కాబట్టి అది ఇట్టే బోల్తా కొట్టిస్తుంది. ఆకాశం, పచ్చగడ్డి, నల్ల సూటు, రాత్రి సీను తీయండి, ఇవి దాచలేవు. అదీ ప్రతి రీలు నుంచీ తీయాలి. ఒక రీలు పోతే ఇంకో ప్రింటు నుంచి తెచ్చి అతికిన బొమ్మలు కొల్లలు. మూడో రీలు నిగనిగలాడి నాలుగోది గులాబీ కావచ్చు. రీలు మొదలూ చివరా తప్పకుండా తీయండి. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ దెబ్బతినేది అక్కడే.

తెర మీద వాన పడుతోందని నేల టిక్కెట్టు వాళ్ళు ఈలలేసేవారే, ఆ గీతల్లోనూ రకాలున్నాయి. నల్లగీత వెనకవైపు తగిలిన దెబ్బ, చాలాసార్లు పైపైదే. ఆకుపచ్చ గీత వచ్చిందంటే బొమ్మ పొరే గీరుకుపోయినట్టు. పైన ఉండే మెజెంటా లేచిపోయి ఆకుపచ్చ కనిపిస్తుందన్నమాట. అది మళ్ళీ రాదు. చిక్కేమిటంటే 1/6 సెకను ఫోటోలో నాలుగు బొమ్మలు కలిసిపోయి చిన్న చిన్న గీతలు మాయమవుతాయి. కాబట్టి ఒక్క నిమిషం వీడియో, అదే సెట్టింగులో, కత్తిరించకుండా జతచెయ్యాలి.

ఫిలిం అంచుని కూడా వెలుగు బల్ల మీద పెట్టి తీయాలి. అంచున ఎల్.పి.పి. అని ఉందా, ఏ గుర్తులున్నాయి? కొడాక్ వాడి వృత్తం, చతురస్రం, త్రికోణం ఫిలిం తయారైన సంవత్సరం చెబుతాయి. అయితే ఆ గుర్తులు 20 ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. గుర్తొక్కటే చూసి సంబరపడితే లాభం లేదు. ఇంకో మాట: కొనేది రీలునే, బొమ్మ మీద హక్కుని కాదు. టిక్కెట్లు పెట్టి ఆడిస్తానంటే కుదరదు.

ఇన్ని చేసినా ఫోటోకి ఎక్కనిది ఒకటుంది. వాసన! అసిటేట్ ఫిలిం కుళ్ళడం మొదలైతే డబ్బా మూత తీయగానే, నూడుల్స్ బండి దగ్గర సీసాలో ఉంటుందే ఆ వెనిగర్ వాసన గుప్పుమంటుంది. అది నయం కాని జబ్బు. పక్క డబ్బాలకీ సోకుతుంది. అమ్మేవాడు ముక్కు పెట్టి చూసి, ఉన్నదున్నట్టు రాయాలి. అతను రాయలేదా, డబ్బు పంపకముందే మీరు అడగండి.