గోదావరి "దావరిరి" ఎందుకయింది?

పిల్లలూ! ఈ నెల ముందు ఒక ఆట ఆడండి, తరవాత చదవండి.

నలుగురు వరసగా కూర్చోండి. తలా ఒక పలక పట్టుకోండి. ఐదోవాడు గంట కొడతాడు. గంట వినగానే మొదటివాడు పలక తుడిచి, "గోదావరి"లో తరవాతి అక్షరం రాయాలి. మిగిలినవాళ్ళు, గంట మోగిన క్షణాన తమ ముందువాడి పలకమీద ఏ అక్షరం ఉంటే దాన్ని తమ పలకమీద ఎక్కించుకోవాలి. నాలుగుసార్లు గంట కొట్టాక నాలుగోవాడి నుంచి మొదటివాడి దాకా చదవండి. "గోదావరి" అని ఉంటుంది.

ఇప్పుడు రెండోవాడు ఉడతను చూస్తూ ప్రతిసారీ కాస్త ఆలస్యంగా గంట విన్నాడనుకోండి. వాడు చూసేసరికి మొదటివాడు కొత్త అక్షరం రాసేసి ఉంటాడు. వాడు దాన్నే ఎక్కిస్తాడు. ఆఖరికి వచ్చేది "దావరిరి"! అందరూ చెప్పినట్టే చేశారు, ఎవరూ అక్షరం తప్పు రాయలేదు. అయినా "గో" వరస దాటి పోయింది.

కంప్యూటరులో జరిగేది సరిగ్గా ఈ ఆటే. అందులో గంట కొట్టేది చిన్న రేకు డబ్బీలో ఉండే స్ఫటికం ముక్క. సెకనుకు 10 కోట్ల గంటలనుకుందాం. అప్పుడు గంటకూ గంటకూ నడుమ 10 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు. ఆ కాస్తలో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. బోర్డుమీది రాగిగీత వెంట గంట దెబ్బ అందులో సుమారు సగమే పోగలదు. ఒక చిప్పుకు పోయే గీత 30 సెంటీమీటర్లు ఎక్కువ పొడుగైతే, దానికి గంట 2 నానోసెకన్లు ఆలస్యం. పలక తుడిచి రాయటానికి చిప్పులకు అంత సేపు అక్కరలేదు!

అందుకే పాత కంప్యూటరు బోర్డు దొరికితే చూడండి, కొన్ని గీతలు తిన్నగా పోక పాములాగా మెలికలు తిరుగుతవి. దగ్గరి దారిని కావాలని పొడిగించి, దూరపు దారితో సమానం చేశారన్నమాట. 1976లో అమెరికాలో సేమూర్ క్రే అనే ఆయన తయారుచేసిన క్రే-1 యంత్రంలో సెకనుకు 8 కోట్ల గంటలు. దాన్ని గుండ్రంగా, ఒక పక్క తెరిచి కట్టారు. లోపలి తీగలేవీ 4 అడుగులు మించరాదని ఆ ఏర్పాటు.

పొడుగు ఒక్కటే చిక్కు కాదు. మా మేనల్లుడు బడి ప్రదర్శనకు ఆరు లెక్కింపు చిప్పులు అమర్చాడు. అన్నిటికీ ఒకే గంట, మూరెడు పొడుగు తీగ ఒకదాన్నుంచి ఒకదానికి గొలుసులాగా. ఆరూ ఒకే అంకె చూపాలి గదా? నడుమనున్న రెండు మాత్రం ఒక గంటను రెండుగా లెక్కపెట్టి ముందుకు పోయినవి. మర్నాడే ప్రదర్శన, వాడి కళ్ళలో నీళ్ళు. "గంట మెల్లిగా కొట్టించరా" అన్నాను. సెకనుకు ఒకటి చేశాడు. అయినా అంతే! నా సలహా ఉత్తదే.

తొట్టిలో నీళ్ళను తడితే అల గోడకు తగిలి తిరిగి వస్తుంది గదా. తీగ కొసకు తగిలిన దెబ్బ కూడా అట్లాగే తిరిగి వస్తుంది. నడుమనున్న చిప్పులకు అది రెండో గంటలాగా తోస్తుంది. గంట ఎంత అరుదుగా కొట్టినా, ప్రతి దెబ్బా చురుకైనదే. అందుచేత అల తప్పదు.

రాత్రి పదింటికి గొలుసు విప్పించాం. గంటకు ఊతమిచ్చే చిప్పు ఒకటి పెట్టి, దాని ఆరు కాళ్ళ నుంచి ఆరు తీగలు, సమానంగా కొలిచి, విడివిడిగా లాగాం. ప్రతి తీగ మొదట్లో 33 ఓముల రెసిస్టరు ఒకటి. తిరిగి వచ్చిన అలను అది మింగేస్తుంది. తెల్లవారి ఆరు అంకెలూ కలిసి నడుస్తుంటే వాడు పళ్ళు తోముకోవటం కూడా మరిచిపోయాడు.

డబ్బీలోని స్ఫటికానికి గంట కొట్టటం ఎవరు నేర్పారో వచ్చే నెల చెబుతాను.