వాదించే గొంతు ఉంటేనే చట్టబద్ధ పాలన

నిరంకుశ ప్రభుత్వాల చేతిలోనూ చట్టాలు దండిగానే ఉంటాయి కనుక, చట్టాలు ఉన్నంత మాత్రాన చట్టబద్ధ పాలన ఉన్నట్టు కాదు. పాలకుడు సైతం చట్టానికి లోబడాలని, ఏ అధికారి చర్యనైనా స్వతంత్ర న్యాయస్థానంలో ప్రశ్నించే వీలు సామాన్య పౌరుడికి ఉండాలని చెప్పే సూత్రమే చట్టబద్ధ పాలన. అయితే న్యాయస్థానం సాధారణంగా తనంతట తాను కదలదు. ఎవరో ఒకరు పిటిషన్ వేసి, వకాల్తా దాఖలు చేసి, ధర్మాసనం ఎదుట నిలబడి వాదించాలి. ఆ గొంతును నొక్కేస్తే న్యాయస్థానం ఉండీ లేనట్టే అవుతుంది కాబట్టి, అధికార ఒత్తిడికి తలొగ్గకుండా నిలవడాన్ని న్యాయవాదుల ప్రాథమిక వృత్తి ధర్మంగా గుర్తించాలి.

1975 జూన్ 25 రాత్రి విధించిన ఎమర్జెన్సీ ఈ ధర్మానికి అగ్నిపరీక్ష అయింది. ఎన్నికల కేసులో ప్రధాని ఇందిరాగాంధీ తరఫున సుప్రీంకోర్టులో వాదిస్తున్న నానీ పాల్కీవాలా ఆ కేసు నుంచి తప్పుకున్నారు. అదనపు సొలిసిటర్ జనరల్ ఫాలీ నారిమన్ పదవికి రాజీనామా చేశారు. అంతర్గత భద్రతా చట్టం (మీసా) కింద విచారణ లేకుండా జైళ్లలో పెట్టినవారి కోసం న్యాయవాదులు హెబియస్ కార్పస్ పిటిషన్లు, అంటే నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోరే అర్జీలు వేయగా, వాటిని విచారించే అధికారం తమకు ఉందని తొమ్మిది హైకోర్టులు ప్రకటించాయి. ప్రభుత్వం దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు శాంతిభూషణ్, వి.ఎం. తార్కుండే, సోలీ సొరాబ్జీ తదితరులు నిర్బంధితుల పక్షాన వాదించారు. పోలీసు అక్రమంగా ప్రాణం తీసినా ఎమర్జెన్సీ ఉన్నంతకాలం కోర్టులో దిక్కు లేదని అటార్నీ జనరల్ నీరేన్ డే ఒప్పుకున్న తర్వాత కూడా, 1976 ఏప్రిల్ 28న అయిదుగురు సభ్యుల ధర్మాసనం 4-1 మెజారిటీతో ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు చెప్పింది. విభేదించిన ఏకైక న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నాను కాదని 1977లో ఆయన కంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేయగా, ఆయన రాజీనామా చేశారు.

ఆ రోజు ఓడిన వాదన వృథా పోలేదు. ఎమర్జెన్సీలో సైతం జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను నిలిపివేయడానికి వీల్లేకుండా 1978లో 44వ సవరణ వచ్చింది; 2017లో గోప్యతా హక్కు కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1976 నాటి తీర్పును తోసిపుచ్చింది. ఖన్నా భిన్న తీర్పు రాయడానికి ముందు ఆ వాదనను ఆయన ఎదుట వినిపించిన న్యాయవాదులు ఉన్నారన్నది మరువరానిది. గెలుపు అసాధ్యమని తెలిసినా వాదనను రికార్డుకు ఎక్కించిన న్యాయవాది, భావి న్యాయస్థానం తప్పు దిద్దుకునే అవకాశాన్ని బతికించి ఉంచుతాడు.

తెలుగు నేలపై ఈ సంప్రదాయానికి కె.జి. కన్నబిరాన్ నిలువెత్తు ఉదాహరణ. కుట్ర కేసుల్లో ఇరికించిన వారి తరఫున వాదించిన ఆయన, ఎమర్జెన్సీ అనంతరం ఎన్‌కౌంటర్ల నిజానిజాలను పరిశీలించిన తార్కుండే కమిటీలో పనిచేసి, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి సుదీర్ఘకాలం అధ్యక్షత వహించారు. ఈ దారి ఎంత ప్రమాదకరమో, అదే సంఘంలో పనిచేసిన న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి 1991లో వరంగల్‌లో హత్యకు గురికావడమే చెబుతుంది.

నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి తరఫున నిలబడటమంటే ఆ నేరాన్ని సమర్థించడమేనన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఇది పూర్తిగా తప్పు. నేరాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ రుజువును నిగ్గుతేల్చేవారు లేనప్పుడు నిర్దోషికి, దోషికి తేడా తెలియదు. నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కుకు రాజ్యాంగం 22(1) అధికరణంలో హామీ ఇచ్చింది. అయినా ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించరాదని కొన్ని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేస్తూ వచ్చాయి. అలాంటివి చెల్లవని, వృత్తి నియమాలకు విరుద్ధమని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నిరంకుశుడు చేయదలచిన పనిని న్యాయవాదులే స్వచ్ఛందంగా చేసిపెట్టడం కన్నా ఆత్మద్రోహం మరొకటి లేదు.

మరోవైపు, కక్షిదారుకు ఇచ్చిన సలహాల గురించి న్యాయవాదులకే దర్యాప్తు సంస్థలు సమన్లు పంపడం 2025లో వివాదమై, సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని వాటికి పరిమితులు విధించాల్సి వచ్చింది. కక్షిదారు న్యాయవాదితో చెప్పుకున్న మాటల గోప్యతకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. ఆ గోప్యత కరిగిపోతే ఏ పౌరుడూ తన న్యాయవాదితో నిజం చెప్పుకోలేడు.

కాబట్టి వాదన నిరాకరించే తీర్మానాలకు పాల్పడే సంఘాలపై బార్ కౌన్సిళ్లు క్రమశిక్షణ చర్యలు తీసుకోవాలి. దర్యాప్తు సంస్థలు సుప్రీంకోర్టు విధించిన పరిమితులను అక్షరాలా పాటించాలి. ప్రజల కోసం కేసులు నడిపే న్యాయవాదుల ప్రాణాలకు ప్రభుత్వాలు రక్షణ కల్పించాలి. అన్నింటికీ మించి, జనం ఛీకొట్టిన నిందితుడి వకాల్తా తన ముందుకు వచ్చినప్పుడు ఏ న్యాయవాదీ వెనుకంజ వేయరాదు. ఈనాడు ఆ నిందితుడికి దక్కని రక్షణ రేపు ఏ పౌరుడికీ దక్కదు.